ఇరవై నొక్కులకు మూడు మిల్లీలీటర్లు తక్కువ

2023 వేసవి. ఢిల్లీలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్ల వెనక సందులో మా వర్క్‌షాపు. షట్టర్ ఎత్తితే లోపల రెండు బండ్లు, బయట వేపచెట్టు నీడలో మూడు బండ్లు పడతాయి. పనిచేసేది ఇద్దరమే. నేనూ, పద్నాలుగేళ్లుగా నాతో ఉన్న ఇర్ఫాన్ భాయీ.

ఇర్ఫాన్ భాయ్ ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పగలడు. నాకు ఆ చెవి లేదు. ఇంటర్‌తో చదువు ఆపేసి ఢిల్లీ వచ్చి, మొదట ఒక స్పేర్ పార్టుల గోదాములో చేరాను. అక్కడ డబ్బాల మీద అచ్చేసిన కొలతలు చదివీ చదివీ లెక్క నేర్చుకున్నాను. అందుకే ఏ బండి వచ్చినా ముందు వెర్నియర్ కొలబద్ద తీస్తాను, నోటుబుక్కు తెరుస్తాను. "రావ్ సాబ్, గాడీ ఠీక్ కర్‌నీ హై యా ఇంతిహాన్ దేనా హై?" అంటాడు ఇర్ఫాన్ భాయ్, బండి బాగుచేయాలా, పరీక్ష రాయాలా అని. నా పేరులో రావు లేదు. ఢిల్లీలో తెలుగువాడైతే చాలు, రావ్ సాబ్ అయిపోతాడు.

జూన్‌లో ఒక గురువారం ఉదయం వెంకటరమణగారు తన 150 సీసీ బండిని తోయించుకుని వచ్చారు. మా సందుకు రెండు వీధుల అవతల క్వార్టర్లలో ఉంటారు. సొంతూరు కాకినాడ దగ్గర, ఇక్కడ సెక్షన్ ఆఫీసరు. అంతకుముందు డిసెంబరులో, పొగమంచు ఉదయం బండి మీద నుంచి పడి కుడి చీలమండ విరిగింది. లోపల ప్లేటు, ఆరు స్క్రూలు. ఎముక అతికింది కానీ పాదం కిందికి వంగదు.

మోటార్‌సైకిల్‌కి ముందు బ్రేకు కుడిచేత్తో, వెనక బ్రేకు కుడికాలితో వేయాలి. ఆయన కష్టం అక్కడే ఉంది.

"వెనక బ్రేకు నా కాలితో గట్టిగా నొక్కలేనండి. నాకున్నది ముందు బ్రేకొక్కటే. చూస్తే అదిలా ఏడ్చింది" అంటూ కుడివైపు లివర్ లాగి చూపించారు. లివర్ ఎక్కడా ఆగకుండా వెళ్లి హ్యాండిల్ గ్రిప్పుకు తగిలింది.

"ఎన్ని చోట్ల చూపించారు?"

"మూడు చోట్లండి. ముగ్గురూ కొత్త ఆయిల్ పోశారు, ముగ్గురూ గాలి తీసేశామన్నారు. ఒకాయన మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్ల కిట్టు కూడా మార్చాడు."

"అసలు ఎలా మొదలైంది?"

మే నెల ఎండలో ధౌలా కువా దగ్గర ట్రాఫిక్‌లో ముందు చక్రం దానంతటదే పట్టేసిందట. నిదానంగా వెళ్తున్నారు కాబట్టి పడలేదు. రోడ్డు పక్క మెకానిక్ ఒకడు పైన ఒక బోల్టు వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రం వదిలింది. అప్పటి నుంచీ లివర్ మెత్తబడిపోయింది.

"ఇంకో చిన్న సంగతండి. అంతకుముందు కొన్నాళ్ల నుంచీ వెనక బ్రేక్ లైటు ఆరకుండా వెలుగుతూ ఉండేది. రెండో మెకానిక్ ఆ వైరు పీకేశాడు."

అది కూడా రాసుకుని, పక్కన 'తర్వాత చూడాలి' అని పెట్టాను.

వెళ్లబోతూ ఆయన ఆగారు. "ఆదివారం ద్వారక నుంచి ఒకాయన బండి కొనడానికి వస్తున్నాడండి. మా ఆవిడ మాట్లాడేసింది. ఆలోపు బ్రేకు కుదిరితే బండి ఉంటుంది, లేకపోతే లేదు. బస్సులో నిలబడలేను, మెట్రో స్టేషన్ దాకా నడవలేను. మూడు నెలలు ఆవిడే నన్ను ఆటోలో ఆఫీసు దగ్గర దింపి, తన స్కూలుకి ఆలస్యంగా పోయి మాటలు పడింది. మళ్లీ ఆ రోజుల్లోకి వెళ్లలేనండి నేను."

అలా నాకు మూడు రోజుల గడువు వచ్చింది.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. లివర్ మొదట్లో ఉండేది మాస్టర్ సిలిండర్. దానిమీద ఆయిల్ డబ్బా, దాన్ని రిజర్వాయర్ అంటాం. లివర్ లాగితే సిలిండర్‌లో పిస్టన్ ముందుకు జరిగి, ఆయిల్‌ను గొట్టంలోంచి కిందికి నెడుతుంది. చక్రం దగ్గర క్యాలిపర్ అనే పట్టు ఆ ఒత్తిడికి డిస్కును బిగిస్తుంది. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో గాలి ఉంటే మన బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది, చక్రానికి ఏమీ చేరదు. ఆ గాలిని తీయడమే బ్లీడింగ్. క్యాలిపర్ మీద నిప్పల్ అనే చిన్న మర ఉంటుంది. లివర్ నొక్కి నిప్పల్ తెరవాలి, నిప్పల్ మూశాక లివర్ వదలాలి. ఆయిల్‌తో పాటు గాలి బయటికి వస్తుంది.

గాలికి పైకి పోవడం అలవాటు. గొట్టం పైచివర చేరిన బుడగ కిందికి దిగనంటుంది. దానికి పైన ఇంకో దారి ఉంది. రిజర్వాయర్ అడుగున సూదిమొనంత రంధ్రం. లివర్ పూర్తిగా వదిలి, పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే ఆ రంధ్రం తెరుచుకుంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఆ లివర్ మొదట్లో ఎర్ర దారం చుట్టి ఉంది. కుంకుమ, చందనం, దుమ్ము, చెమట కలిసి గట్టిపడి, చిన్న పీటముడిలా ఉంది. ఇర్ఫాన్ భాయ్ చూడగానే, "మన్నత్ కా ధాగా హై. సంభాల్ కే" అన్నాడు. మొక్కుదారం, జాగ్రత్త అని. లివర్‌ను ఒక్క బోల్టు తీస్తే దారంతో సహా ఊడి వస్తుంది. దాన్ని శుభ్రమైన కాగితంలో చుట్టి, స్పానర్లకు దూరంగా పై అరలో పెట్టాను. నాకు ముందు చేసిన ముగ్గురూ ఇలాగే తీసి, ఇలాగే తిరిగి బిగించి ఉంటారు. లేకపోతే ఆ దారం అంత పదిలంగా ఉండేది కాదు.

గురువారం మామూలు పద్ధతిలో బ్లీడింగ్ చేశాం. నేను ఒక పని అదనంగా చేస్తాను. బయటికొచ్చే ఆయిల్‌ను పెద్ద సిరంజిలో పట్టి కొలుస్తాను. ఈ సిలిండర్ లోపలి వ్యాసం అర అంగుళం. పిస్టన్ ప్రయాణం పది మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం ఒక్క నొక్కుకు ఒకటింపావు మిల్లీలీటరు, ఇరవై నొక్కులకు ఇరవై అయిదు. నాకు వచ్చింది ఇరవై రెండు. మళ్లీ చేశాను, ఇరవై రెండు. మూడోసారీ ఇరవై రెండే.

"తీన్ ఎంఎల్?" నవ్వాడు ఇర్ఫాన్ భాయ్. "తీన్ ఎంఎల్ తో ఆప్‌కీ మూంఛ్ పే లగ్ గయా హోగా." నా మీసానికి అంటుకుని ఉంటుందట.

తప్పు ఒక్కోసారి ఒక్కోలా వస్తే అది నా చేతి పొరపాటు. ప్రతిసారీ ఒకేలా వస్తే అది బండిలో ఉన్నట్టు. ఆ నమ్మకం మీదే నేనింతకాలం బతికాను. పిస్టన్ చివరి రబ్బరు లోపల ఆయిల్ వదిలేస్తోందనుకుని కొత్తది వేశాను. ఇరవై రెండు.

శుక్రవారం ఎదురు పద్ధతి పట్టాను. కింద నిప్పల్‌కు సిరంజి తగిలించి ఆయిల్‌ను పైకి నెడితే, బుడగ తనకిష్టమైన దారినే పోయి ఆ సూది రంధ్రంలోంచి రిజర్వాయర్‌లోకి రావాలి. నెట్టాను. సిరంజి గోడను తోసినట్టు ఆగిపోయింది. అంటే రంధ్రం మూసుకుని ఉంది. లోపల చెత్త ఏదో అడ్డుపడిందనుకుని మాస్టర్ సిలిండర్ ఊడదీసి, సన్నటి తీగతో రంధ్రం శుభ్రం చేశాను. చెత్తేమీ రాలేదు. బల్లమీద బిగించి, స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ను నొక్కుతూ కొలిచాను. ఇరవై నొక్కులకు ఇరవై అయిదు, చుక్క తేడా లేదు. పైకి నెడితే ఆయిల్ ధారాళంగా వచ్చింది.

మళ్లీ బండికి బిగించాను. ఇరవై రెండు. రంధ్రం మూతపడింది.

బల్లమీద బాగున్నది బండిమీద బాగోకపోతే, రెండింటికీ మధ్య తేడా ఏదో ఉండాలి కదా. నోటుబుక్కులో రెండు వరసలు గీశాను. బల్లమీద లేనిది, బండిమీద ఉన్నది: క్లాంపు, రెండు బోల్టులు, బ్రేక్ లైటు స్విచ్చి, లివర్. క్లాంపు, బోల్టులు మార్చి చూశాను. స్విచ్చి ఊడదీసి చూశాను. లివర్ దగ్గరికి వచ్చి దాని బోల్టు రంధ్రం కొలిచాను, పిస్టన్‌ను నెట్టే బొడిపె కొలిచాను. రెండూ కంపెనీ కొలతలతో సరిపోయాయి. దారం ఉన్నచోట మాత్రం వెర్నియర్ పెట్టలేదు. తోచలేదంటే అబద్ధం. తోచింది. చెయ్యి వెనక్కి వచ్చింది. ఎవరో కళ్లకద్దుకుని కట్టిన దాన్ని ఇనప దవడల మధ్య పెట్టడం మర్యాద కాదనిపించింది. ఆ గడిలో 'సరే' అని టిక్కు పెట్టి షట్టర్ దించాను. ఆ టిక్కు ఇప్పటికీ నా నోటుబుక్కులో ఉంది.

శనివారం షాపు తెరిచి, ఏం చేయాలో తోచక లివర్ మళ్లీ ఊడదీసి కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే దంపతులిద్దరూ వచ్చారు. ఆమె పేరు పద్మజ, స్కూల్లో లెక్కల టీచరు.

"అన్నయ్యగారూ, మొహమాటం వద్దు. రేపు ద్వారక ఆయన వస్తాడు. అవ్వకపోతే అవ్వదని చెప్పెయ్యండి. ఈయనకి ఎవరో ఒకరు చెప్పాలి."

"నేనిక్కడే ఉన్నాను" అన్నారు రమణగారు.

"ఉన్నారు కాబట్టే చెప్తున్నాను."

ఆమె కాగితం మీద లివర్‌ను చూసి, రెండు చేతులతో తీసుకుని, దారాన్ని కళ్లకద్దుకున్నారు. వెనక్కి వచ్చిన నా చెయ్యి గుర్తొచ్చింది. అడిగేశాను.

"ఈ దారం ఎప్పుడు కట్టారమ్మా?"

"ఒకరోజు కట్టింది కాదండీ. ఈయన మళ్లీ బండెక్కుతానన్న వారం పదకొండు శుక్రవారాలు మొక్కుకున్నాను. గుళ్లో అమ్మవారి దగ్గర పెట్టిన దారం. వారానికో చుట్టు."

"బ్రేకు లివర్‌కే ఎందుకు?"

"ఈయన్ని కాపాడాల్సింది ఆ బ్రేకే కదా మరి."

"అంత మొదట్లో కట్టారేం?"

"చివర కడితే ఈయన వేళ్లు తగుల్తాయి. బండి మీద సమోసాలు తింటారు, ఎంగిలి చేతులు. అందుకే ఎక్కడా చెయ్యి తగలని సందు చూసి కట్టాను."

చెయ్యి తగలని సందు. ఆ సందులో ఏముంటుందో నాకు తెలుసు. లివర్ వదిలినప్పుడు ముందుకు వెళ్లి, మొదట్లో ఉన్న చిన్న అంచు మాస్టర్ సిలిండర్ ఒంటికి తగిలి ఆగుతుంది. అది తగిలినప్పుడే పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినట్టు. దారం సరిగ్గా ఆ రెండింటి మధ్యా ఉంది.

"అమ్మా, వెనక లైటు ఆరకుండా వెలగడం ఎప్పుడు మొదలైందో గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? నాలుగో శుక్రవారం. నేను చుట్టి దణ్ణం పెట్టుకున్నాను, ఈయన తాళం తిప్పారు, వెనక ఎర్రగా వెలిగింది. బ్రేకు వేయలేదు కూడా. అమ్మవారు ఒప్పుకుందనుకున్నాను."

"చక్రం పట్టేసింది?"

"ఎనిమిదోది అయిన మర్నాడు."

ఇర్ఫాన్ భాయ్‌కి తెలుగు సగమే తెలుసు. ఆ సగం చాలింది. చేతిలో స్పానర్ కింద పెట్టి వచ్చి నిలబడ్డాడు.

లివర్‌ను బండికి బిగించి, ఈసారి ఆమె అనుమతి అడిగి వెర్నియర్ పెట్టాను. బొడిపె దగ్గర లివర్ ఒకటీ పాయింట్ రెండు మిల్లీమీటర్లు లోపలే ఆగి ఉంది. వేళ్ల దగ్గర అది ఏడు మిల్లీమీటర్లు. ఎవరి కంటికీ ఆనదు. కానీ లోపల పిస్టన్ ముప్పాతిక మిల్లీమీటరు జరిగితే చాలు, సూది రంధ్రం మూసుకుపోతుంది. పదకొండు చుట్లకు ఒకటీ పాయింట్ రెండు అంటే ఒక్కో చుట్టుకు దాదాపు పాయింట్ ఒకటి ఒకటి. నాలుగు చుట్లకు లైటు స్విచ్చి నొక్కుకుంది. ఏడు దాటేసరికి రంధ్రం మూసుకుంది. అప్పుడు ఎండకు ఉబ్బిన ఆయిల్‌కు వెనక్కి పోయే దారి లేక చక్రం పట్టేసింది. బోల్టు వదులు చేసినప్పుడు గాలి దూరింది. ఆ గాలి బయటికి పోయే దారీ ఆ రంధ్రమే, అదీ మూతే. ఇక పది మిల్లీమీటర్ల ప్రయాణంలో ఒకటీ పాయింట్ రెండు పోతే నూటికి పన్నెండు. ఇరవై అయిదులో పన్నెండో వంతు కాదు, నూటికి పన్నెండు. మూడు మిల్లీలీటర్లు.

దారం ఒక్కో చుట్టూ ఒకేలా నొక్కుకోదు కాబట్టి ఇది ఉజ్జాయింపే. కానీ లెక్కల టీచరుకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే ఆ రోజు చక్రం పట్టేసింది నేను కట్టిన దారం వల్లేనా?"

ఆమె నన్ను సూటిగా చూస్తున్నారు. అటూ ఇటూ తిప్పి చెప్పే వీలు లేదు.

"అవునమ్మా. మీకు తెలియదు. తెలియాల్సినవాళ్లం అయిదుగురం దాన్ని భక్తిగా తీసి, భక్తిగా మళ్లీ అక్కడే పెట్టాం."

రమణగారు ఏదో అనబోయారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంకొకరెవరూ విప్పొద్దు. నేనే చుట్టాను, నేనే విప్పుతాను."

ఇర్ఫాన్ భాయ్ పీకేసిన వైరు కలిపి తాళం తిప్పాడు. వెనక లైటు వెలిగింది. రిజర్వాయర్ మూత తీశాను. ఆమె చేతులు కడుక్కుని, తడిగుడ్డతో దారాన్ని మెత్తబరిచి, గోటితో కొస పట్టుకున్నారు.

"ఒకటి" అన్నారు. "రెండు." తడిసిన కుంకుమ ఆమె వేళ్లకు అంటుకుంటోంది. మూడు, నాలుగు. ఆయిల్ కదల్లేదు. నా లెక్క ప్రకారం ఇంకొకటి కావాలి. నోటుబుక్కు మూసేసి రిజర్వాయర్‌లోకే చూస్తున్నాను.

"అయిదు."

లివర్ కంటికి కనబడీ కనబడనంత ముందుకు జరిగింది. ఆయిల్ అడుగున ఏదో మెదిలి, శనగగింజంత బుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది. వెనకే ఇంకొకటి. గొట్టాన్ని కింద నుంచి పైకి వేలితో తట్టాను. మూడు, నాలుగు, వరసగా. నెల రోజులుగా అయిదుగురం తీయలేని గాలి, ఎవరూ లివర్ నొక్కకుండానే వచ్చేస్తోంది. పదిహేడు బుడగలు లెక్కపెట్టాను.

"సత్రహ్" అన్నాడు ఇర్ఫాన్ భాయ్ నా వెనక నుంచి. తనూ లెక్కపెట్టాడు.

ఎనిమిదో చుట్టు విప్పగానే వెనక లైటు ఆరిపోయింది. పదకొండూ అయ్యాక మామూలుగా బ్లీడింగ్ చేసి సిరంజి చూశాను. ఇరవై నొక్కులకు ఇరవై అయిదు. లివర్ గ్రిప్పుకు రెండు వేళ్ల దూరంలో రాయిలా ఆగింది. నేను సందు చివరిదాకా రెండుసార్లు నడిపి, తర్వాత రమణగారికి ఇచ్చాను. ఆయన కుడిపాదాన్ని ఫుట్‌రెస్ట్ మీద ఊరికే ఆనించి, చేత్తోనే ఆపుతూ, మూడుసార్లు వెళ్లి వచ్చారు. మూడోసారి ఆయన ముఖంలో డిసెంబరు ముందటి మనిషి కనిపించి ఉంటాడు. పద్మజగారు పక్కకు తిరిగి ఫోన్ తీశారు.

"భయ్యా, కల్ మత్ ఆనా. గాడీ నహీ బేచ్‌నీ."

రేపు రావద్దు, బండి అమ్మడం లేదని ద్వారక ఆయనకు చెప్పేసి, ఫోన్ పెట్టి భర్తతో అన్నారు. "బ్రేకు కుదిరిందని స్పీడు పెంచారో, మళ్లీ నేనే చుట్టేస్తాను."

దారాన్ని ఎడమ అద్దం కడ్డీకి కట్టమన్నాను. అక్కడ కదిలేది ఏదీ లేదు. ఆమె పదకొండు చుట్లూ ఒక్కసారే చుట్టి, ముడివేసి, "కొలవండి" అన్నారు. కొలిచాను.

లెక్క నాకు మొదటిరోజే జవాబు చెప్పింది. మూడు మిల్లీలీటర్లు తక్కువ అని మూడుసార్లు చెప్పింది. ఒక్క చోట మాత్రం గౌరవం పేరుతో నేను కొలవకుండా వదిలేశాను. రెండు రోజుల పాటు జబ్బు సరిగ్గా అక్కడే దాక్కుంది. ఆ మనిషికి ఉన్న ఒక్క బ్రేకును నేను కాపాడానా, మొహమాటంతో ఇంకొకరోజు పాడుగానే ఉంచానా అని ఆలోచిస్తే, రెండోదే ఎక్కువ నిజం.

ఇప్పుడు బండి ఏదైనా, నోటుబుక్కులో మొదటి గడి ఒకటే: 'ఫ్యాక్టరీ పెట్టనిది ఏముంది?' మొక్కుదారం, నిమ్మకాయ, తాళాల గుత్తి, పిల్లల స్టిక్కరు. ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో అడుగుతాను. తర్వాత చేతులు కడుక్కుని వెర్నియర్ పెడతాను.